గడప దగ్గర పెట్టిన మాట

ఉరి పడగల కేసులో ముద్దాయికి ప్లీడరును పెట్టుకునే తాహతు లేకపోతే కోర్టే ఒకరిని పెడుతుంది. దాన్ని మేము స్టేట్ బ్రీఫ్ అంటాం. పేరున్న ప్లీడర్లు దాని జోలికి పోరు, అందుకని మాలాంటివాళ్ళ నెత్తిన పడుతుంది. 1962 జనవరిలో అలాంటిది ఒకటి నా నెత్తిన పడింది. అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. నెల్లూరు బారులో కృపాదానం అంటే ఎవరికీ తెలియదు, మిషన్ బడి పంతులుగారి కొడుకంటేనే తెలుసు. తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టు, సొంతానికి నాలుగు కేసులు లేని నాకు ఖూనీ కేసు ఒకటి.

కట్ట విప్పి చదివితే సంగతంతా రెండు పేజీల్లో తేలిపోయింది. ముద్దాయి పేరు చిన్నపోలయ్య. మైపాడుకు ఉత్తరాన ఒక పాళెంలో తండేలు, అంటే తెప్పకు పెద్ద. చనిపోయినవాడు చెంచయ్య, అదే తెప్ప మీద రెండో మనిషి. అక్టోబరులో ఒకనాడు తెల్లవారకముందే ఇద్దరూ వేటకు పోయారు. పోలయ్య ఒక్కడే ఒడ్డుకు వచ్చాడు. మూడో రోజున చెంచయ్య శవం కొట్టుకొచ్చింది. తల వెనక ఎముక పగిలి ఉంది. అంతకు రెండు రోజుల ముందే పోలయ్య, గాలి చూడకుండా తెప్ప తోశావని, చెంచయ్యను తెడ్డుతో భుజం మీద కొట్టాడు. పాళెమంతా చూసింది.

ఇదంతా ఒక ఎత్తు. శవం దొరికిన రోజు పోలయ్య చెంచయ్య ఇంటి గడప దగ్గర నిలబడి, ఆరుగురు వింటుండగా, "వీణ్ణి నేనే చంపినా" అన్నాడు. శవాన్ని చూడడానికి వచ్చిన గ్రామ మునసబు ఆ ఆరుగురిలో ఒకడు. లోపలి ఊళ్ళనుంచి ఆ ఏడే కొత్తగా వచ్చినవాడు. ఆ మాట కాగితం మీద రాసుకుని, గంటలో పోలీసులకు కబురు పెట్టాడు.

ఇక నేను వాదించేదేముంది? అయినా వెళ్ళి ముద్దాయిని చూడాలి కదా అని జైలుకు వెళ్ళాను.

పోలయ్య పొడుగాటి మనిషి. నాతో మాట్లాడుతూనే నా భుజం మీదుగా ఎక్కడో దూరంగా చూసేవాడు. ఏమిటా అని రెండుసార్లు తిరిగి చూశాను, గోడ తప్ప ఏమీ లేదు. నెలల తరబడి జైల్లో ఉన్నా ఆయన దగ్గర ఉప్పునీళ్ళ వాసన పోలేదు. లేదూ, నాకే అలా అనిపించిందేమో.

"ఆ మాట నువ్వు అన్నావా?" అని అడిగాను.

"అన్నా."

"ఎందుకన్నావు?"

"అనాల గదయ్యా."

"చంపావా మరి?"

"గడప కాడ చెప్పినా. మళ్ళా చెప్పకూడదు."

నాకు కోపం ముక్కు మీదుంటుంది. కట్ట బల్ల మీద విసిరికొట్టి, ఉరికంబం ఎక్కేటప్పుడైనా చెబుతావా అని అరిచాను. ఆయన నొచ్చుకోలేదు. సముద్రం హోరులో మాట వినబడనివాడిలా తల కొంచెం పక్కకు వంచాడు, అంతే. ఆ వారంలో మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ అదే తంతు. ఆయన చెప్పకపోతే చూసినవాళ్ళనే అడుగుదామని, ఒక శనివారం పాళేనికి బయలుదేరాను.

ఇందుకూరుపేట దాకా బస్సు. అక్కడినుంచి జట్కా. కాలువ దగ్గర పడవ మీద దాటించారు. ఆపైన ఇసకలో నడక. సముద్రానికి పట్టుమని పదిహేను మైళ్ళు లేని దూరంలో పుట్టి పెరిగిన నేను దాన్ని చూసింది మూడుసార్లే, అదీ చర్చివాళ్ళతో కలిసి వెళ్ళి. సరుగుడు తోపులోకి వచ్చేసరికి హోరు వినబడుతోంది, నీళ్ళు మాత్రం కనబడడం లేదు. ఎండ ఆకుల్లోంచి జల్లెడ పట్టినట్టు రాలుతోంది. కాస్త కూర్చుని పోదామనుకున్నాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు. కలలో కోర్టు హాలుంది. నేల మీద చీలమండ లోతు నీళ్ళున్నాయి. ఎవరూ ఆ సంగతి పట్టించుకోవడం లేదు. జడ్జిగారు రాసుకుంటున్నారు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. నా చేతిలో ఎవరిదో చెయ్యి ఉంది, కాని ఆ మనిషి కనబడడు. మెలకువ వచ్చి చూసుకుంటే నా చెయ్యి ఒంటి కింద పడి తిమ్మిరెక్కి ఉంది.

పాళెంలో ఎవరూ నాతో మాట్లాడలేదు. ముద్దాయి తరఫు ప్లీడరునని చెప్పగానే మగవాళ్ళు వలల మీదికి వంగారు. ఆడవాళ్ళు లోపలికి పోయారు. చెంచయ్య ఇల్లేదని అడిగితే ఒకతను గడ్డంతో చూపించాడు. ఆ వాకిట్లో బోడి నొసటితో, బోడి చేతులతో ఒక ఆమె చేపలు ఎండబెడుతోంది. చెంచయ్య భార్య నాగులమ్మ అన్నమాట. ఆమె ప్రాసిక్యూషన్ సాక్షి కాబట్టి నేను పలకరించకూడదు. ఆమె తలెత్తి నన్ను చూసి మళ్ళీ పనిలో పడింది.

ఇళ్ళ వరసకు విడిగా, ఇసక దిబ్బ వెనక, ఒక గుడిసె ఉంది. దాని ముందు డెబ్భై ఏళ్ళ ముసలమ్మ కూర్చుని ఉంది. తల ముగ్గుబుట్ట. నొసట మాత్రం రూపాయంత కుంకుమబొట్టు, ముంజేతుల నిండా గాజులు. ఆమె పిలిచి మంచినీళ్ళిచ్చింది. పేరు మస్తానమ్మ అంది. ఊరికే ఉండలేక, మీ ఆయన వేటకు పోయాడా అని అడిగాను.

"పొయినాడు," అంది సముద్రం వైపు చూస్తూ. "యాభై ఏండ్లాయె. ఆడనే ఉండాడు."

నాకు అర్థం కాలేదు. ఆమె నవ్వింది.

"మీ పట్నపోళ్ళకి తెల్దులే నాయనా. మా పాళెంలో ఎవురన్నా నీళ్ళలో పోతే, తండేలు వచ్చి ఇంటి గడప కాడ నిలబడి, వీణ్ణి నేనే చంపినా అనాల. దాన్ని మాట పెట్టేది అంటాం. ఆ మాట పెడితే వాడు మనిషి చేతిలో పొయినట్టు. అప్పుడు దినం చెయ్యొచ్చు, కూడు పెట్టొచ్చు, ఆడది గాజులు పగలగొట్టుకోని ఏడవొచ్చు. మాట పెట్టకపోతే వాణ్ణి గంగమ్మ ఉంచుకున్నట్టు. వాడు సచ్చినోడూ కాదు, బతికినోడూ కాదు."

"మీ ఆయనకు ఎవరూ మాట పెట్టలేదా?"

"పెట్టేదానికి ఎవురుండారు? తండేలుతో కూడా నలుగురూ పొయినారు. అందుకే నాకీ బొట్టు. సముద్రానికి సవితిని నేను. పెండ్లిండ్లకు పిలవరు, సావులకు పిలవరు. నా కొడుకుని ఉప్పునీళ్ళలో కాలు పెట్టనీలా. తన బిడ్డనుకోని గంగమ్మ లాక్కుంటాదంట. వాడు కాలవ పడవలు లాగతా మద్రాసు పక్క పొయినాడు. పొయినోడు మళ్ళా రాలా."

ఎండ ఇసక మీద ఊగుతోంది. ప్లీడరుగా సంతోషించాల్సిన గంట అది. ఖూనీ ఒప్పుకోలు కాస్తా చావింటి ఆచారమైపోయింది, కేసు దూదిపింజలా ఎగిరిపోతుంది. లోపల మాత్రం సంతోషం పుట్టలేదు.

"ఇంతమంది ఉండి మునసబుకు ఈ సంగతి ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఎవురు చెప్తారు? అది ఉత్త మాటేనని ఒక్కరన్నా చాలు, అందరి మొగుళ్ళూ మళ్ళా నీళ్ళలో పడతారు. నాకంటే బయం లేదు. నావోడు ఎట్టాగూ ఆడనే ఉండాడు."

"నువ్వు కోర్టుకొచ్చి చెప్తావా?"

"పోలయ్య చెప్పమంటే వస్తా. వాడు చెప్పమనడు," అంది మస్తానమ్మ.

ఆమె అన్నంతా అయింది. సోమవారం జైలుకు వెళ్ళి, నాకు అంతా తెలిసిపోయిందని చెప్పేసరికి పోలయ్య మొదటిసారి నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో బెదురుంది. ఉరికి బెదరనివాడు నాకు బెదిరాడు.

"అయ్యా, ఆ మాట కోర్టులో చెప్పొద్దు. మీరు నాకు నోరు గదా. మీరు చెప్పినా, మీరు పిలిపించినోళ్ళు చెప్పినా, నేను చెప్పినట్టే. నేను మాట ఎనక్కి తీసుకున్నట్టే. చెంచయ్య మళ్ళా నీళ్ళపాలు."

"వాడెలా పోయాడో నాకైనా చెప్పు."

నెమ్మదిగా, నిద్రలో మాట్లాడినట్టు చెప్పాడు. పెద్ద అల లేచి తెప్ప తిరగబడింది. దుంగ వచ్చి చెంచయ్య తల వెనక తగిలింది. పోలయ్య ఒక చేత్తో తెప్ప తాడు, ఒక చేత్తో చెంచయ్య చెయ్యి పట్టుకున్నాడు. తెల్లారింది. నీళ్ళు ముందు బూడిదరంగుగా, తర్వాత పచ్చగా మారాయి. ఎక్కడా ఒక్క తెప్ప లేదు. పొద్దు బారెడెక్కే దాకా అలాగే పట్టుకున్నాడు.

"చెయ్యి సల్లబడింది. వాడు ఉండాడో లేడో తెల్దు. పిలిచినా, పలకలా. నాకు తాడు పట్టు జారతా ఉండాది. వదిలినా."

"అప్పటికే పోయి ఉంటాడయ్యా," అన్నాను.

"ఉంటాడు. లేకుంటే ఉండడు. నేను వదిలింది నిజం గదా. ఒక్కో తండేలు ఆచారానికి అంటాడు ఆ మాట. నేను నిజానికన్నా."

మళ్ళీ తనే, "చెంచయ్యకు ఇద్దరు మొగబిడ్డలు. వాళ్ళు తెప్ప ఎక్కాల. సముద్రం అనే మాట మీ నోట రాకుండా ఒట్టు పెట్టండి," అన్నాడు.

ఆయన అడిగిన తీరుకు కాదనలేకపోయాను. నా నోట రాదు అన్నాను. జైలు గేటు దాటేసరికి నన్ను నేను తిట్టుకోవడం మొదలుపెట్టాను. ఆ మాట అంటే ఒట్టు తప్పిన ప్లీడరును. అనకపోతే, బతికించగలిగీ మనిషిని ఉరికి పంపిన ప్లీడరును. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ అవతారమూ నాకు వద్దు. ఈ కేసు వదిలేస్తాను. ఇంకొక ప్లీడరు వస్తాడు, ఆయనకు ఒట్టూ ఉండదు గట్టూ ఉండదు, ఆచారం సంగతి తన దారిన తాను కనుక్కుంటాడు. కనుక్కోకపోతే? అంతదూరం ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

మా ఆవిడ జయశీల ఆడపిల్లల బడిలో టీచరు. తప్పు ఎక్కడుందో వెతికి ఎర్రసిరా పెట్టడం ఆమెకు అలవాటు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" అంది. "ఒట్టెందుకు పెట్టారు?"

"పెట్టాను. అయిపోయింది. ఇప్పుడు వదిలేస్తానంటున్నాను."

"మీరు వదిలేస్తే ఆయనకు ఉరి తప్పుతుందా?"

"నా చేతి మీదుగా మాత్రం పడదు."

జయశీల నన్ను చూసి, "మీకు కావలసింది అదన్నమాట," అంది. ఆ పూట ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆమె అన్నది నిజమని నాకు తెలుసు కాబట్టే నాకు అంత కోపం వచ్చింది.

విచారణకు రెండు రోజుల ముందు జడ్జిగారి చాంబరులో అర్జీ ఇచ్చాను. సొంత కారణాల వల్ల ఈ కేసునుంచి నన్ను తప్పించవలసిందని రాశాను. ఆయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆ కారణాలేమిటి మిస్టర్ కృపాదానం?" అన్నారు.

"చెప్పలేనండీ."

"నేనడిగినా చెప్పలేరా?"

"చెబితే నా క్లయింటుకు ఇచ్చిన మాట పోతుంది."

"చూడండి. స్టేట్ బ్రీఫ్ అంటే మీరు ఎంచుకున్న కేసు కాదు, ఆయన ఎంచుకున్న ప్లీడరూ కాదు. మీ ఇద్దరినీ కట్టింది కోర్టు. ముడి విప్పాలంటే నాకు కారణం కనబడాలి. ఎల్లుండి ముద్దాయినే అడుగుతాను. ఆయన వద్దంటే మీరు వెళ్ళవచ్చు."

హమ్మయ్య అనుకున్నాను. పోలయ్య వద్దంటాడనే అనుకున్నాను. తన గుట్టు తెలిసిన మనిషిని ఎవరైనా దగ్గర ఉంచుకుంటారా? విచారణనాడు జడ్జిగారు అడిగారు. నీ ప్లీడరుగారు వెళ్ళిపోతానంటున్నారు, వేరే ఆయనను పెట్టమంటావా అని.

పోలయ్య బోను కమ్మీ రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, "వద్దు దొరా. ఈయన్నే ఉండనీండి. ఈయన నాకు మాటిచ్చినాడు," అన్నాడు.

ఏం మాట అని జడ్జిగారు అడగలేదు. నా అర్జీని మడిచి పక్కన పెట్టేశారు. నేను కూర్చున్నాను.

హాల్లో పైన పంకా తిరుగుతోంది. పడమటి కిటికీలోంచి ఎండ పలకగా నేల మీద పడింది. సాక్షులు ఒక్కొక్కరే వచ్చి పోతుంటే నాకు అంతా నీళ్ళ అడుగునుంచి వింటున్నట్టుంది. మునసబు తన కాగితం చదివాడు. ఆయన తప్పేమీ లేదు, విన్నది రాశాడు. ఆ పాళెంలో చావింట అంతకుముందు ఎప్పుడైనా ఉన్నారా అని అడిగాను, లేదన్నాడు. డాక్టరు ఆ దెబ్బ తెడ్డుతో తగిలి ఉండవచ్చన్నాడు. దుంగ తగిలినా అలాగే ఉంటుందా అంటే, ఉండవచ్చు, ఉండకపోవచ్చు అన్నాడు. పాళెంవాళ్ళు ఇద్దరు వచ్చారు. పోలయ్య ఆ మాట అన్నాడా అంటే అన్నాడన్నారు. ఎందుకన్నాడో తెలుసా అంటే ఇద్దరూ నేల చూపులు చూశారు. ఆ తర్వాత నాగులమ్మను పిలిచారు.

ఆమె వెంట మస్తానమ్మ వచ్చి వరండాలో కూర్చుంది. నాగులమ్మకు ముప్పై ఏళ్ళు ఉండవు. ప్రాసిక్యూటరు అడిగినవాటికి ఉన్నదున్నట్టు చెప్పింది. భుజం మీద కొట్టినాడు, నిజం. గడప కాడ అన్నాడు, నిజం. ప్రాసిక్యూటరు కూర్చున్నాడు. ఇక నా వంతు.

లేచి నిలబడ్డాను. ప్రశ్నలేమీ లేవని కూర్చుంటే ఒట్టు నిలుస్తుంది. నా నోట ఆ మాట రాకూడదన్నాడు, ఆమె నోట రాకూడదని అనలేదు. ఆమె నేను పిలిచిన సాక్షి కాదు, సర్కారు పిలిచిన సాక్షి. ఇలాంటి సందులు వెతుక్కునే మేము బతుకుతాం. ఆ సందు నాకు చాంబరులో అర్జీ ఇచ్చేనాటికే తెలుసు. అసలు నేను పారిపోవాలనుకున్నది దానినుంచే. అడిగితే ఒక మనిషి బతుకుతాడు, ఈమె జీవితాంతం దిబ్బ వెనక గుడిసెలో ఉంటుంది. అడగకపోతే ఈమె నలుగురితో ఉంటుంది, ఆయన మట్టిలో ఉంటాడు. దేవుడా, నన్ను ఇక్కడినుంచి తీసెయ్యి అని ప్రార్థించాను. ఎవరూ తీసెయ్యలేదు.

"అమ్మా," అన్నాను. "నీ భర్తను ఎవరు తీసుకున్నారు?"

బోనులో పోలయ్య ఉలిక్కిపడి, "వద్దు మే నాగులూ!" అని అరిచాడు. బంట్రోతు నిశ్శబ్దం అన్నాడు. నాగులమ్మ ఆయనను చూసింది. తర్వాత నన్ను చూసింది. ఎండ పలక ఆమె పాదాల దగ్గరికి జరిగింది.

"సముద్రం," అంది.

జడ్జిగారు కలం ఎత్తారు. "మరి ఆయన నేనే చంపానన్నాడు కదమ్మా?"

"అనాల దొరా. మా పాళెంలో తండేలు అట్టా అంటేనే సచ్చినోడికి కూడు. అందుకని అన్నాడు. నా మొగుణ్ణి సముద్రం తీసుకున్నాది. పోలయ్య బావ కాదు."

పోలయ్య బోనులో కూలబడి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

ప్రాసిక్యూటరు లేచాడు. "ఇన్ని నెలలుగా ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నా మొగుడు నాకు లేకుండా పోతాడు."

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

ఆమె చెయ్యెత్తి నన్ను చూపించింది. "ఈయన అడిగినాడు గదా. ఇంతకుముందు ఎవురూ అడగలా." తర్వాత తనలో తాను అనుకున్నట్టు అంది. "ఒకణ్ణి నీళ్ళకిచ్చినా. ఇంకొకణ్ణి తాడుకిచ్చి నేను కూడు పెడితే, ఆ కూడు నా మొగుడు తింటాడా?"

ప్రాసిక్యూటరు ఇంకేమీ అడగలేదు. బోను దిగి ఆమె బయటికి నడిచింది. నేను కాగితాలు వదిలేసి వెనకే వెళ్ళాను, ఏం చెప్పడానికో నాకే తెలియదు. వరండాలో మస్తానమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లోపలి మాటలన్నీ ఆమెకు వినబడ్డాయి. నాగులమ్మ వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ముసలమ్మ తన నొసటి కుంకుమ బొటనవేలితో తీసి, ఆమె నొసట పెట్టింది. తన చేతి గాజులు రెండు తీసి ఆమె చేతికి తొడిగింది. ఇద్దరూ ఏడవలేదు. ఆ దారిన పోయే గుమాస్తా ఒకడు, ఏదో పేరంటమనుకుని, నవ్వుతూ పక్కకు తప్పుకున్నాడు.

ఆమె చెప్పాక పాళెంవాళ్ళకు దాచడానికి ఏమీ మిగలలేదు. మర్నాడు మిగతా సాక్షులు ఒక్కొక్కరే ఒప్పుకున్నారు. తమ ఇళ్ళలో ఎవరెవరికి ఎవరు మాట పెట్టారో కూడా చెప్పారు. పదకొండు రోజుల తర్వాత చిన్నపోలయ్య నిర్దోషి అని తీర్పు వచ్చింది. బారులో అందరూ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడంటారు. నేను ఇంటిదాకా ఆగలేదు. లైబ్రరీ గదిలో రిపోర్టుల బీరువా వెనక నిలబడి ఏడ్చాను.

సాయంత్రం జైలు గేటు దగ్గరికి వెళ్ళాను. పోలయ్య చంకలో చిన్న మూటతో బయటికి వచ్చాడు. నన్ను చూసి ఆగాడు. కోపం ఉంటుందనుకున్నాను, తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆ మొహంలో అలాంటిదేమీ లేదు.

"పాళేనికేనా?" అన్నాను.

"లేదయ్యా. కాలవ కాడికి. చెంచయ్య బిడ్డలు ఇంక తెప్ప ఎక్కకూడదు గదా, పడవ లాగే పని నేర్పాల. నేనూ ఆడనే ఉంటా ఇంక."

"పోలయ్యా, నేను ఒట్టు తప్పలేదు."

"తప్పలా," అన్నాడు. "తప్పు మీది కాదులే అయ్యా. మీరు పోతానన్న దినం, దొర అడిగితే నేనే పోనీలా. నీళ్ళలో పట్టుకోవాల్సినోణ్ణి వదిలినా. ఈడ వదలాల్సిన మిమ్మల్ని పట్టుకున్నా."

మూట రెండో చంకలోకి మార్చుకుని, బస్సు కోసం నడిచిపోయాడు.